నాపరాళ్ల మీద మంచుబిళ్ల

"అమ్మా, ఇవాళ నాకు చీపురిచ్చారు!" అంది జోయా ఫోన్‌లో, స్కూల్లో ఫస్టు ప్రైజు కొట్టినంత సంబరంగా.

అవతల తాడేపల్లిగూడెంలో తల్లి మెహర్ చేతిలో పని పక్కన పెట్టేసింది. కూతురి పెళ్లై సరిగ్గా ముప్పై ఎనిమిది రోజులైంది. కైకలూరు సంబంధం మంచిదని పది నోళ్ల విన్నాకే పిల్లనిచ్చారు.

"ఏం చీపురే?"

"కొబ్బరీనెల చీపురమ్మా. పొడుగు కర్రకి బిగించి, పైన ఎర్ర గుడ్డ చుట్టి ఉంది. అత్తయ్యది. ఎవర్నీ ముట్టుకోనివ్వరట. నాకు మాత్రం ఇచ్చేశారు."

"పనిమనిషి మానేసిందా?"

"ఇల్లు ఊడవడానికి కాదమ్మా. ఫ్యాక్టరీలోకి."

"ఫ్యాక్టరీ ఊడిపిస్తున్నారా నీచేత! ఫిజిక్సు చదివించింది ఇందుకా? ఉండు, మీ నాన్నగార్ని పిలుస్తాను."

"అయ్యో, ఊడవడానికి కాదు... అంటే, ఊడవడానికే. ఆటలో ఊడుస్తారు."

"ఏ ఆటలో ఊడుస్తారే?"

అది జోయాకీ తెలియదు. శనివారం పొద్దుటినుంచీ ఆమె అందర్నీ అడుగుతున్నదీ అదే. ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారు. అందరూ చెప్పాక ముందు తెలిసిన కాస్తా కూడా పోయింది.

"రేపు ఆడాక చెప్తానమ్మా," అని ఫోన్ పెట్టేసింది.

ఆమెకి అర్థమైనంతలో సంగతి ఇది. మావగారు సిరాజుద్దీన్ వయసులో ఉండగా కెనడాలో బాగా ఉత్తరాన, మ్యాపులో పేరు రాయడానికి కూడా చోటు చాలనంత చిన్న ఊళ్లో, చేపల ఫ్యాక్టరీలో ఫ్రీజర్ మెకానిక్కుగా నాలుగేళ్లు పనిచేశాడు. అక్కడ చలికాలం మధ్యాహ్నం మూడింటికే దీపాలు పెట్టేస్తారట. సరస్సు గడ్డకట్టి దాని మీద లారీలు నడుస్తాయట. "ఎవరింట్లో వాళ్లు తలుపులేసుకుని కూర్చుంటే పిచ్చెక్కుతుందమ్మా," అని చెప్పాడు ఆయన రాత్రి అన్నం దగ్గర. "అందుకని సాయంత్రమయ్యేసరికి ఊరంతా ఒకే షెడ్డులో చేరేది. పాస్టరు గారూ, పోస్టుమాస్టరూ, మా ఓనరూ, నేనూ. అందరి చేతుల్లోనూ చీపుళ్లే. మంచు పరిచిన నేల మీద ఇరవై కిలోల గుండ్రటి రాయిని జారవిడుస్తారు. దాని ముందు ఊడుచుకుంటూ పరిగెడతారు. ఆట అయ్యాక గెలిచినవాళ్లు ఓడినవాళ్లకి వేడివేడిగా ఏదైనా పోస్తారు. అదే కర్లింగ్."

"మరి చలి?"

"ఆ షెడ్డులో చలెక్కడిదమ్మా!"

తిరిగొచ్చి కైకలూరులో ఒక చిన్న పాత ఐసు ఫ్యాక్టరీ కొనుక్కున్నాక, మొదటి చలికాలమే ఆయనకి చేతులు దురద పెట్టాయి. మంచు నేల ఎక్కడ తెస్తాడు? ఫ్యాక్టరీ ముందు అరవై అడుగుల పొడుగున నాపరాళ్ల అరుగుంది. ఏళ్ల తరబడి ఐసు దిమ్మలు జారీ జారీ ఆ రాళ్లు అద్దాల్లా నునుపుదేలాయి. అక్కడ మంచు మీద రాయి జారిస్తే, ఇక్కడ రాయి మీద మంచు జారిద్దాం అన్నాడు. అప్పట్నుంచీ చేపల లోడింగ్ లేని ఆదివారాలు పొద్దున్నే, కార్తీకం నుంచి పుష్యం దాకా, ఆ అరుగు మీద ఆట సాగుతోంది. ఫ్యాక్టరీ ఆపరేటర్ బాలస్వామి ముందురోజే సత్తు బేసిన్లలో నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో కొబ్బరితాడు ముక్క పిడిలా వేలాడేసి, ఉప్పునీళ్ల ట్యాంకులోకి దించుతాడు. తెల్లారేసరికి బిళ్లలు తయారు. ఎవరి బిళ్ల ఎవరిదో తెలియడానికి లోపల ఏదో ఒకటి వేసి గడ్డకట్టిస్తారు. సిరాజుద్దీన్ ఇంటి బిళ్లలో బంతిపూలు. చేపల మేత కొట్టు బుచ్చిబాబు ఇంటి బిళ్లలో కరివేపాకు.

ఇదంతా జోయాకి ఎంతో నచ్చింది. నచ్చనిదీ, అసలు కొరుకుడు పడనిదీ ఒక్క అర.

హాల్లో గాజు తలుపుల బీరువా ఉంది. ఐదరల్లో నాలుగింటి నిండా కప్పులూ, ఫోటోలూ, ఆసిఫ్ చిన్నప్పటి షీల్డులూ కిక్కిరిసి ఉంటాయి. నట్టనడిమి అర మాత్రం ఖాళీ. అత్తగారు నసీమా ప్రతి శుక్రవారం దాన్ని పొడిగుడ్డతో తుడుస్తుంది. వచ్చిన రెండోరోజే జోయా తన గాజు బాతుల జత తీసుకెళ్లి అందులో పెట్టబోతే ఇంటిల్లిపాదీ ఒక్కసారే "అక్కడొద్దు!" అన్నారు. బాతులు ఎగిరిపోతాయేమో అన్నంతగా ఉలిక్కిపడింది.

అది కెటిల్ చోటట. ఉత్తరాన ఆ ఊరివాళ్లు సిరాజుద్దీన్‌ని సాగనంపుతూ చేతికిచ్చిన కెటిల్. దాన్నే ఆయన ఇక్కడి ఆటకి బహుమతిగా పెట్టాడు. ప్రతి చలికాలం ఒక్కసారి జరిగే పెద్ద ఆటలో గెలిచినవాళ్లింట్లో అది ఏడాదిపాటు ఉంటుంది. ఆరేళ్ల కిందట బుచ్చిబాబు జట్టు గెలుచుకుపోయింది. అంతే, ఇంతవరకూ తిరిగి రాలేదు.

"సొంత ఆట, సొంత కెటిలు, సొంత ఐసు," అన్నాడు ఆసిఫ్ నవ్వుతూ. "ఆరేళ్లుగా ఓడిపోతూనే ఉన్నాం. ఈసారి గెలవకపోతే నాన్న నిద్రపోడు."

"అలాంటి ఆటలోకి నన్నెందుకండీ? నాకు ఏమీ తెలియదుగా!"

"అమ్మకి మోకాళ్లు నొప్పి. ముగ్గురుండాలి జట్టుకి."

"పోనీ రూల్సన్నా చెప్పండి."

"అంపైరుండడు. తప్పు చేస్తే ఎవరిది వాళ్లే ఒప్పుకోవాలి. అదే రూలు. మిగతావి చూస్తుంటే వచ్చేస్తాయి."

చూస్తుంటే వచ్చేస్తాయన్న ఆ ఒక్క మాటే కొంప ముంచింది.

*

ఆదివారం పొద్దున్న కొల్లేటి మీదినుంచి మంచు దిగి, పది అడుగుల అవతలున్న లారీ కూడా అలుక్కుపోయినట్టు కనిపిస్తోంది. ఊరిది ఏపాటి చలి? అయినా మగవాళ్లందరూ మంకీ క్యాపుల్లో దూరారు. ఆడవాళ్లు శాలువాలు చుట్టుకుని టిఫిన్ క్యారేజీలు మోసుకొచ్చారు. ఒక మూల పెద్ద గిన్నెలో తేగలు ఉడుకుతున్నాయి. సున్నపునీళ్ల బకెట్టుతో బాలస్వామి అరుగు చివర మూడు వలయాలు గీసి, నడుమ ఎర్రరంగు బొట్టు పెట్టాడు. దాన్ని ఇల్లంటారు. ఎవరి బిళ్ల ఆ బొట్టుకి దగ్గరగా ఆగితే ఆ వంతు వాళ్లది. ఐదు వంతుల్లో మూడు ఎవరు గెలిస్తే ఆట వాళ్లది. ఈ మాత్రం జోయాకి పది నిమిషాల్లో తెలిసిపోయింది. ఇంతేనా అనుకుంది కూడా.

తన బిళ్లని ట్యాంకులోంచి తీసినప్పుడు ఆమె గట్టిగా నవ్వేసింది. తేటగా, బరువుగా, లోపల మూడు బంతిపూలు కళ్లు తెరిచి చూస్తున్నట్టు ఉన్నాయి.

"ఏవండీ, చూడండి! ఒక పువ్వు తలకిందులుగా ఉంది!"

"కింద పెట్టు, చేతులు కొంకర్లు పోతాయి," అన్నాడు ఆసిఫ్.

ముందు చిన్న ఆట. బాలస్వామి జట్టుకీ, బస్టాండు దగ్గర టైలరు వసీమ్ జట్టుకీ. జోయా కళ్లు ఆర్పకుండా చూసింది. చూస్తుంటే వచ్చేస్తాయి కదా. బిళ్ల బయల్దేరగానే ఇద్దరు దాని ముందు చీపుళ్లతో నీళ్లని ముందుకు తోస్తూ వంగి పరిగెత్తుతున్నారు. తడి ఉన్నచోట బిళ్ల ఇంకొంచెం సాగుతోంది, పొడి తగిలితే గునిసి ఆగిపోతోంది. రాపిడి మీద పదిమార్కుల ప్రశ్న రాసిన పిల్ల కాబట్టి అంతవరకూ బాగానే పట్టుకుంది. తరవాత బాలస్వామి ఒక బిళ్ల వేశాడు. అది వంపు తిరిగి, వసీమ్ బిళ్లని పక్కకి నెట్టి, వెళ్లి సరిగ్గా బొట్టు మీద కూర్చుంది. అందరూ "ఆహా!" అన్నారు. వసీమ్ చీపురు గోడకానించి, నవ్వుతూ వెళ్లి బాలస్వామి చెయ్యి పట్టుకుని ఊపాడు. బాలస్వామీ నవ్వాడు. అందరూ తేగల వైపు నడిచారు.

ఎంత మర్యాద! అనుకుంది జోయా. అవతలివాడు బాగా వేస్తే వెళ్లి చెయ్యి కలుపుతారన్నమాట. మా కాలేజీలో త్రోబాల్ ఆడేటప్పుడు అవతలి జట్టు బంతి వేస్తే జడలు లాక్కునేవాళ్లం. ఈ సంగతి కూడా బుర్రలో రాసేసుకుంది. వసీమ్ జట్టుకి వెయ్యని బిళ్ల ఇంకోటి మిగిలిపోవడం మాత్రం ఆమె గమనించలేదు.

అప్పుడు పలక మీద బాలస్వామి పెద్ద ఆట పేర్లు రాయబోతే సిరాజుద్దీన్ సుద్దముక్క తనే అందుకున్నాడు. ఒక పక్క బుచ్చిబాబు, కాంతం, కుసుమ. ఇంకో పక్క సిరాజుద్దీన్, ఆసిఫ్, జోయా. చివరి పేరు రాసేటప్పుడు ఆయన కాస్త ఎక్కువ సేపే తీసుకున్నాడు.

బుచ్చిబాబు పెద్దమనిషి. మాటకి ముందొక "అండీ", వెనకొక "అండీ" లేకుండా నోరు తెరవడు. ఆయన భార్య కాంతం మాత్రం ఆటలో మహా గట్టిది. పైటచెంగు బిగించి, చెప్పులు విడిచి, మోకాలి మీద కూర్చుని బిళ్ల వదిలిందంటే అది ఆమె చెప్పినచోటే ఆగేది. వాళ్లమ్మాయి కుసుమ ఏలూరులో డిగ్రీ చదువుతూ ఆట కోసమే ఇంటికొచ్చింది.

"ఏమ్మా కొత్తకోడలా, మా కెటిల్ పట్టుకుపోదామని వచ్చావా?" అంది కాంతం.

"మీ కెటిలా? మాది కదండీ!" అంది జోయా.

"ఓసోసి! నెల తిరిగిందో లేదో మాదీ మీదీ వచ్చేసింది! వదినగారూ, విన్నారా మీ కోడల్ని?"

తేగలు వొలుస్తున్న నసీమా తల ఎత్తకుండానే నవ్వింది.

జోయా మొదటి బిళ్ల తిన్నగా అరుగు పక్కనున్న కాలవలోకి పోయింది. రెండోది బొట్టు దగ్గరున్న ఆసిఫ్ బిళ్లని గుద్ది బయటికి తోసేసింది. "ఎవరి జట్టమ్మా నువ్వు?" అని కుసుమ పడీపడీ నవ్వింది. కానీ ఊడవడంలో ఆమెకి సాటి లేదని మూడో వంతుకే తేలిపోయింది. మావగారు బిళ్ల వదిలి "ఊడువమ్మా, ఊడువు! ఆసిఫ్, నీవైపు వద్దు! జోయా, ఊడువు!" అని అరుస్తుంటే ఆమె చున్నీ నడుముకి చుట్టి, నీళ్లు మోకాళ్లదాకా చింది పడుతుంటే, ఎందుకు ఊడుస్తోందో తెలియకుండానే ఊడిచింది. ఎప్పుడు ఊడవాలో, ఎప్పుడు ఆపాలో ఆయన గొంతు చెబుతోంది. ఆ గొంతులో ఆమె పేరు నిన్నటిదాకా "అమ్మాయి" అని ఉండేది.

రెండు వంతులు వాళ్లవి, రెండు వీళ్లవి. ఐదోది మిగిలింది.

ఐదో వంతులో మిగతా అందరి బిళ్లలూ అయ్యాయి. కాంతంది ఒకటీ, సిరాజుద్దీన్‌ది ఒకటీ మిగిలాయి. ఆఖరి బిళ్ల సిరాజుద్దీన్‌ది. బొట్టుకి దగ్గరగా అప్పటికి ఆసిఫ్ బిళ్ల ఉంది.

కాంతం కూర్చుంది. ఊపిరి పీల్చింది. బిళ్ల వదిలింది. కుసుమ రెండే రెండు సార్లు ఊడిచి ఆగిపోయింది. బిళ్ల మెల్లగా, ఏదో ఆలోచించుకుంటున్నట్టు, పక్కకి ఒరిగి, ఆసిఫ్ బిళ్లని తాకీ తాకనట్టు తాకింది. బంతిపూల బిళ్ల బద్ధకంగా పక్కకి జరిగింది. కరివేపాకు బిళ్ల ఎర్ర బొట్టు మీద ఆగింది.

అంత అందమైన దృశ్యం జోయా ఈ మధ్య చూడలేదు. తను ఏ జట్టో కూడా మరిచిపోయింది. చీపురు చంకలో పెట్టుకుని పరుగున వెళ్లి, కాంతం చేతులు రెండూ పట్టుకుని ఊపేసింది.

"ఎంత బాగా వేశారండీ! ఎంత బాగా వేశారో!"

తేగల గిన్నె కుతకుతలాడుతోంది. పైన మంచులోంచి గూడబాతులేవో రెక్కలు కొట్టుకుంటూ పోయాయి. బాలస్వామి సుద్దముక్క కింద పెట్టేశాడు. బుచ్చిబాబు మంకీ క్యాప్ తీసి చేతిలో పట్టుకున్నాడు. కాంతం చేతులు జోయా చేతుల్లో కొయ్యబారిపోయాయి.

"అదేంటమ్మా, అప్పుడే?" అంది కాంతం.

"ఏమైందండీ?"

"ఏం లేదు. మీ మావయ్యగారి బిళ్ల ఇంకా ఆయన చేతిలోనే ఉంది కదా అని."

జోయా వెనక్కి తిరిగి చూసింది. అరుగు చివర సిరాజుద్దీన్ మోకాలి మీద కూర్చునే ఉన్నాడు, చేతిలో ఆఖరి బిళ్లతో. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

ఆసిఫ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "జోయా, చెయ్యి కలిపేశావా?"

"కలిపాను. తప్పా?"

"తప్పేం కాదు. ఓడిపోయాం."

ఆ మాట ఆమెకి ఒక పట్టాన ఎక్కలేదు. ఉత్తరాన ఆ ఊళ్లో ఓడిపోయామని నోటితో చెప్పరట. ఇక గెలవలేం అనిపిస్తే బిళ్లలు మిగిలున్నా సరే, వెళ్లి అవతలివాళ్లతో చెయ్యి కలుపుతారట. కలిపితే ఆట అక్కడితో సరి. వసీమ్ పొద్దున్న చేసింది అదే. ఈ సంగతి పుట్టినప్పటినుంచీ తెలిసినట్టు కైకలూరులో ప్రతివాళ్లకీ తెలుసు. అందుకే ఆమెకి చెప్పాలని ఎవరికీ తోచలేదు.

"చెల్లదండీ, చెల్లదండీ," అన్నాడు బుచ్చిబాబు అందరికంటే ముందు. "చిన్నపిల్లండీ. ముచ్చటపడి పట్టుకుందండీ. మీరు వెయ్యండి సిరాజుద్దీన్ గారూ."

"చెల్లుతుందో లేదో అన్నయ్యగారే చెప్పాలి. రూలు ఆయనది," అంది కాంతం. ఆమెకి కెటిల్ మీద కంటే ఆట మీదే పట్టింపు.

సిరాజుద్దీన్ బిళ్లకేసి చూశాడు. "జట్టులో ఎవరు కలిపినా కలిపినట్టే," అన్నాడు మెల్లగా. "అక్కడా అంతే."

"జట్టులో ఉన్నవాళ్లయితే కదండీ!" బుచ్చిబాబు మొహం వెలిగింది. "అమ్మాయి చూడ్డానికొచ్చిందండీ. చూస్తూ చూస్తూ చీపురు పట్టుకుందండీ. అంతేనండీ."

"నాలుగు వంతులు ఊడిచింది కదా నాన్నా," అంది కుసుమ.

"చూడ్డానికొచ్చినవాళ్లు ఊడవకూడదని ఎక్కడుందే?"

"ఐదు బిళ్లలు కూడా వేసింది."

"ఒకటి కాలవలో వేసిందమ్మా, అది లెక్కేనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మాటలు పెరిగాయి. వసీమ్ చెల్లుతుందన్నాడు, బాలస్వామి చెల్లదన్నాడు. ఒకాయన అసలు రెండు చేతులతో పట్టుకుంటే అది దండం కిందికి వస్తుంది కానీ చెయ్యి కలపడం కాదన్నాడు. ఈ వాదం సాగుతున్నంతసేపూ ఆఖరి బిళ్ల కరుగుతూనే ఉంది. ఒక బంతిపువ్వు రెక్కలు అప్పుడే అంచులోంచి బయటికొచ్చాయి.

చివరికి బుచ్చిబాబు జోయా వైపు తిరిగి, ఎంతో మెత్తగా అడిగాడు. "నువ్వే చెప్పమ్మా. ఆటలో ఉన్నావా, చూడ్డానికొచ్చావా?"

ఇంత తికమకలోనూ ఇది మాత్రం ఆమెకి తెలిసింది. చూడ్డానికొచ్చాను అంటే మావయ్య బిళ్ల వేస్తాడు. తగిలితే ఆరేళ్లకి కెటిల్ ఇంటికొస్తుంది. అర నిండుతుంది.

"చూడ్డానికే వచ్చానండీ," అంది.

అమ్మయ్య అన్నట్టు అందరూ కదిలారు. జోయా సంతోషంగా మావగారి వైపు చూసింది. ఆయన మొహం వెలగలేదు. కళ్లు దించుకుని బిళ్ల తాడు సవరించుకుంటున్నాడు. పలక మీద తను రాసిన పేరు అవతలివైపు ఉంది, అటు చూడనే లేదు. ఇదేమిటి? ఆయనకి కావలసిందే కదా చెప్పాను!

అప్పుడు నసీమా తేగలు పక్కన పెట్టి లేచింది. మోకాళ్ల మీద చేతులు ఊని, నెమ్మదిగా వచ్చి, కోడలి ముందు నిలబడి చెయ్యి చాపింది.

"అయితే నా చీపురు ఇచ్చెయ్యి."

"అత్తయ్యా?"

"చూడ్డానికొచ్చినవాళ్లకి చీపురెందుకమ్మా? ఇరవై ఏళ్లుగా నేను పట్టుకున్నది. నా చోట్లో నువ్వున్నావని ఇచ్చాను. లేనంటున్నావు కదా. ఇయ్యి."

ఆమె గొంతులో కోపం లేదు. అదే జోయాని మరీ గాభరా పెట్టింది. ఇచ్చెయ్యాలి. ఇస్తే కెటిల్. ఇంత చిన్న పని. కర్ర చంకలోంచి తీసింది. ఎర్ర గుడ్డ తడిసి వేళ్లకి చుట్టుకుంది. అత్తగారి చెయ్యి ముందే ఉంది. తన చేతులకి మాత్రం ఎవరూ ఆ సంగతి చెప్పినట్టు లేదు. అవి ఇంకాస్త బిగుసుకున్నాయి.

"ఇవ్వనండీ," అనేసింది.

అన్నాక తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ ముప్పై తొమ్మిది రోజుల్లో అత్తగారితో ఆమె అన్న మొదటి "ఇవ్వను" అది.

మొదట నవ్వింది సిరాజుద్దీనే. ఆ నవ్వు అరుగు చివరినుంచి దొర్లుకుంటూ వచ్చింది. బిళ్లని జాగ్రత్తగా పక్కన పెట్టి, లేచి, తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని, నడిచొచ్చి బుచ్చిబాబు చెయ్యి పట్టుకున్నాడు.

"మా జట్టు ముగ్గురమండీ. ముగ్గురిలో ఒకరు కలిపేశారు. ఇక నేను కలపకపోతే బాగోదు."

"అదికాదండీ, ఆ ఒక్క బిళ్లా వెయ్యండి, ఉత్తినే చూద్దాం," అంది కాంతం. ఆమె మొహంలో నిజంగానే బాధ ఉంది. "తగిలేదో లేదో నాకూ తెలియాలి."

"చెయ్యి కలిపాక వెయ్యకూడదమ్మా. అది కూడా రూలే."

"ఈ రూలు కూడా నాకెవరూ చెప్పలేదు," అంది జోయా, ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. ఈసారి అరుగంతా నవ్వింది.

*

గెలిచినవాళ్లే పెట్టాలి కాబట్టి అందరూ బుచ్చిబాబు ఇంటికి నడిచారు. మినపరొట్టె, బెల్లం పానకం, పైన అల్లం టీ. దారిలో జోయా ఆసిఫ్ చొక్కా లాగింది.

"ఏవండీ, ఆ బిళ్ల తగిలేదా?"

"కచ్చితంగా తగిలేది."

వెనకనుంచి నసీమా అంది. "ఆరేళ్లుగా ఆ దెబ్బ ఒక్కసారీ తగల్లేదు. ఆ నొప్పి భుజంతో ఇవాళ తగులుతుందా?"

ఎవరిని నమ్మాలో తెలియక ఆమె మావగారి వైపు చూసింది. ఆయన కరిగిపోతున్న బిళ్లని బేసిన్లో పెట్టుకుని మోసుకొస్తూ బుచ్చిబాబుతో వచ్చే ఏడాది గురించి మాట్లాడుతున్నాడు. ఓడినవాడిలాగా లేడు, గెలిచినవాడిలాగానూ లేడు. వేడినీళ్ల స్నానం చేసొచ్చినవాడిలా ఉన్నాడు.

కాంతం అటకమీది గూట్లోంచి కెటిల్ దించి కడిగి, టీ అందులో పోసి తెచ్చింది. ఓడిన జట్టులో చిన్నవాళ్లకి ముందు పొయ్యాలట. జోయా కప్పు పట్టుకుంది. ఆరేళ్లుగా తనింటివాళ్లు కలలు కన్న కెటిల్‌ని అప్పుడు తొలిసారి చూసింది. ఒక పక్క సొట్ట. మూతకి పిడి లేదు, దారపు ఉండ బిగించారు. పొయ్యగానే టీ సగం కప్పులోకీ సగం సాసర్లోకీ పోయింది.

"ఇదా?" అంది ఆపుకోలేక.

"ఇదే," అంది కాంతం గర్వంగా.

అందరూ తింటుండగా జోయా దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చదువుకున్న చదువు ఊరుకోదు కదా. ఎత్తు చేత్తో కొలిచింది. జానా నాలుగు వేళ్లు. మళ్లీ కొలిచింది. జానా నాలుగు వేళ్లే. ఇంట్లో ఖాళీ అర గుర్తొచ్చి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

శుక్రవారం పొద్దున్న నసీమా పొడిగుడ్డ తెచ్చి కోడలి చేతికిచ్చింది. "ఇకనుంచి ఆ అర నువ్వు తుడువు. నాకు వంగడం కష్టంగా ఉంది."

జోయా గాజు తలుపు తీసింది. తుడిచింది. హాల్లో ఎవరూ లేరని చూసుకుని, అరలో చెయ్యి నిలువుగా పెట్టింది. జానా రెండు వేళ్లు. ఇంకోసారి పెట్టింది. ఎలా పెట్టినా జానా రెండు వేళ్లే. కెటిల్ గెలిచి తెచ్చినా ఇందులో పట్టదు!

బీరువా చేయించింది కెటిల్ పోయాకేనట. మావయ్య గుర్తుంచుకున్న కొలత చెప్పి ఉంటాడు. ఇప్పుడేం చెయ్యాలి? చెప్పాలా? వడ్రంగిని పిలిపించాలా? ఆరేళ్ల ఖాళీ అరని ఒక్క మాటతో పొట్టిదాన్ని చెయ్యడం బాగుంటుందా? గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"జానా రెండు వేళ్లే కదూ?" అంది నసీమా వెనకనుంచి.

జోయా గిరుక్కున తిరిగింది. "మీకు తెలుసా!"

"బీరువా వచ్చిన రోజే తెలుసు." నసీమా వంటింటివైపు ఒకసారి చూసి, దగ్గరికొచ్చి, గొంతు బాగా తగ్గించింది. "మీ మావయ్యకి చెప్పకు."

"మరి వచ్చే ఏడాది గెలిస్తే?"

"గెలవనీ ముందు. ఇక్కడ, ఈ మూల ఇంకోసారి తుడువు, గీత పడింది."

జోయా తుడిచింది. ఎందుకు నవ్వొస్తోందో తెలియలేదు. వంటింట్లోంచి సిరాజుద్దీన్ కేకేశాడు, ఆదివారానికి బంతిపూలు ఎన్ని కావాలో లెక్క చెప్పమని.

"బిళ్లకి మూడు, ముగ్గురికీ!" అని అరిచింది.